పూలంచు అర

తుపాకీ పట్టిన చెయ్యి చేస్తే వ్యూహమూ, దుప్పటి సర్దే చెయ్యి చేస్తే కాలక్షేపమూ అయ్యే పని ఒక్కటే అయినప్పుడు, దానికి ఆ రెండు పేర్లూ పెట్టినవారు ఎవరు?

ఈ ప్రశ్నను పెద్దక్క తన ఆఫీసులో చాలామందిని అడిగింది. కొందరు నవ్వారు, కొందరు గడియారం చూసుకున్నారు. ఒకాయన ఆమె ఆరోగ్యం బాగాలేదేమో అనుకుని కుర్చీ చూపించి మంచినీళ్ళు తెప్పించాడు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

అడిగే హక్కు ఆమెకు ఉంది. ఫోన్లకూ కంప్యూటర్లకూ వీడియో గేములు అమ్మే ఆ సంస్థలో, వచ్చిన ప్రతి ఆటనూ ముందుగా ఆడి, అది ఏ జాతిదో తేల్చి, తగిన చోట పెట్టడమే ఆమె ఉద్యోగం. యాక్షన్, షూటింగ్, రేసింగ్, పజిల్, వ్యూహంతో ఆడే స్ట్రాటజీ, కాలక్షేపానికి ఆడే క్యాజువల్ అంటూ కొనేవారికి తెరమీద కనిపించే విభాగాలను లోపల పనిచేసేవారు అరలు అంటారు. ఒక ఆట ఒక్క అరలోనే ఉండాలి. ప్రతి అరకూ ఒక పెద్ద ఉంటారు; ఏ అరలో ఉన్న ఆటనైనా తన అరలోకి లాక్కునే అధికారం ఆ పెద్దకు ఉంటుంది. ఆట ఎంత గొప్పదైనా కానివ్వండి, తప్పు అరలో పడితే అంతే సంగతులు. రేసింగ్ కోసం వచ్చినవాడి ముందు చదరంగం పెడితే తిట్టుకుంటూ పోతాడు. చదరంగం కోసం వెతికేవాడు రేసింగ్ అరలోకి తొంగి చూడనే చూడడు.

వర్గీకరణ గదికి కిటికీ లేదు. రెండు కుర్చీలు, రెండు తెరలు. ప్రతి కుర్చీకి పైన, చేతులను మాత్రమే చూసే చిన్న కెమెరా. సొరుగులో ఉతికి మడతపెట్టిన బూడిదరంగు చేతితొడుగులు. ఇదంతా ఉద్యోగ విరమణ చేసి వెళ్ళిపోయిన పాత మేడమ్ పెట్టిన ఏర్పాటు. గోడమీద ఒక రేకు పలక బిగించి, దానిమీద ఆవిడ ఒకే వాక్యం రాయించింది: 'బొమ్మను చూడకండి, చేతిని చూడండి.'

దయ్యం నుంచి పరిగెత్తినా, పోలీసు నుంచి పరిగెత్తినా ఆడేవాడి బొటనవేలు చేసే పని ఒకటే. కాబట్టి ఆ రెండు ఆటలదీ ఒకే అర. కోటలు, గులాబీలు, గ్రహాంతరవాసులు – ఇవన్నీ ఆట వేసుకున్న బట్టలు. "బట్టలు చూసి మనిషిని అంచనా వేసే అలవాటు వీధిలో ఎలాగూ మానలేరు, కనీసం ఈ గదిలో మానండి" అనేది పాత మేడమ్. వర్గీకరించే ఇద్దరికీ అభిప్రాయం కలవకపోతే చేతుల పరీక్ష. తగాదాలో ఉన్న ఆట ఆడిన చేతుల రికార్డింగునూ, ఏ అర కావాలంటున్నారో ఆ అరలోకి చివరగా చేరిన ఆట ఆడిన చేతుల రికార్డింగునూ, ఆ తగాదా ఆటను ఎన్నడూ ఆడని మూడో మనిషికి చూపిస్తారు. ఆట కనిపించదు, చేతులే కనిపిస్తాయి. వయసు, గాజులు, గోళ్ళరంగు కనిపించకూడదనే ఆ తొడుగులు. ఏ చేతులు ఏ అరవో మూడో మనిషి చెప్పినదే తీర్పు.

పాత మేడమ్ వెళ్ళి, ఆ కుర్చీలోకి కొత్త అధికారి వచ్చాక చేతుల పరీక్ష ఒక్కటీ జరగలేదు. ఆయనను ఎదురుగా అందరూ సార్ అనేవారు, వెనక దొర అనేవారు. కెమెరాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వర్గీకరణ గదిలో ఆడే ప్రతివారూ, ఎందుకో మరిచిపోయినా, తొడుగులు వేసుకుంటూనే ఉన్నారు.

ఆ సోమవారం వచ్చిన ఆట పేరు 'పన్నెండు మంచాలు'. పంపినది పేరున్న సంస్థ కాదు, ఉద్యోగం మానేసిన ఒక నర్సు. పెద్దక్క తొడుగులు వేసుకుని మొదలుపెట్టింది. ఒక ఆసుపత్రి వార్డు, పన్నెండు మంచాలు, ఒక్క నర్సు. ప్రతి మంచం తలవైపునా ఊపిరిని చూపే సన్నని గీత. ఒకరికి సెలైన్ అయిపోతుంది. ఒకరికి జ్వరం పెరుగుతుంది. ఒకరు మత్తులో మంచం దిగబోతారు. ఆక్సిజన్ సిలిండర్లు అందరికీ చాలవు. తలుపు దగ్గర బంధువులు నిలబడి, తమవాళ్ళకి ఎలా ఉందని అడుగుతారు. జవాబు చెప్పకపోతే గొడవ, చెబితే అంతసేపూ ఇంకెవరి ఊపిరో తరిగిపోతుంది. ఎడమచెయ్యి నర్సును మంచాల మధ్య నడిపిస్తూ ఉండాలి. కుడిచెయ్యి కాసేపటి తర్వాత ముంచుకురాబోయేదానికి ఇప్పుడే ఏర్పాటు చేస్తూ ఉండాలి.

అరుస్తున్న మంచం దగ్గరికి పరిగెత్తినంతకాలం పెద్దక్క ఓడిపోతూనే ఉంది. చాలాసార్లు ఓడాక గానీ ఆమెకు అసలు సంగతి బోధపడలేదు. కిటికీ పక్క మంచం మీది ముసలాయన ఎప్పుడూ పిలవడు. పిలవడు కనకనే పోతాడు.

ఆట ఆపేసరికి ఆమె భుజాలు కొయ్యబారి ఉన్నాయి. తొడుగుల్లో అరచేతులు తడిసిపోయాయి. మరో ఆలోచన లేకుండా స్ట్రాటజీ మీట నొక్కింది.

పక్క కుర్చీలోని సహోద్యోగి అప్పటికే క్యాజువల్ మీట నొక్కేసి, వేళ్ళు విరుచుకుంటున్నాడు. ముప్పై దాటిన మనిషి, చెడ్డవాడేమీ కాదు; ప్రతిదానికీ ఒక సామెత విసురుతాడు కనక అతణ్ణి ఆఫీసంతా సామెత అనే పిలిచేది.

"క్యాజువల్ ఏమిటి?" అంది పెద్దక్క.

"నర్సు, మంచాలు, దుప్పట్లు. మా ఆవిడలాంటివాళ్ళు కూర గిన్నె స్టవ్ మీద పెట్టి ఆడుకుంటారు."

"ఎంతసేపు ఆడావు?"

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదా పెద్దక్కా?"

"మెతుకు పట్టుకు చూస్తే చాలు. నువ్వు గిన్నె రంగు చూసి చెబుతున్నావు."

సామెత నవ్వేశాడు. "రెండు మీటలు రెండు వైపులా పడ్డాయి. ఇక దొరగారి దగ్గరికే. పొయ్యేటప్పుడు కాస్త నవ్వుమొహం పెట్టుకుని వెళ్ళు."

"నవ్వుమొహం నువ్వు పెట్టుకో. నాకు పని ఉంది" అని ఆమె తొడుగులు విప్పి, ఉతకవలసినవాటి బుట్టలో వేసింది.

*

దొర మర్యాద తెలిసినవాడు. పెద్దక్క లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు, కూర్చోమన్నాడు. ఆయన బల్లమీద బంగారు అంచున్న పింగాణీ కప్పు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఏదో సభలో బహుమతిగా వచ్చినది. అందులో తప్ప ఆయన టీ తాగడు. ఆయన వెనక గోడంతా 'ఆఖరి శిబిరం' పోస్టరు. మంచుకొండ, చిరిగిన జెండా, గడ్డం పెరిగిన సేనాని. కిందటి వారం ఆ ఆటను ఆయనే స్వయంగా వర్గీకరణ గదికి వచ్చి, సామెతను కుర్చీలోంచి లేపి, తొడుగులు వేసుకుని కూర్చుని ఆడి, స్ట్రాటజీ అరలో పెట్టాడు. స్ట్రాటజీ అరకు పెద్ద ఆయనే. శుక్రవారం కొత్త ఆటలు అమ్మకానికి వచ్చే రోజు. ఆ రోజు అరకు తలమానికంగా ఉండబోయేది అదే.

పెద్దక్క కూడా దాన్ని ఆడి చూసింది. సైనికులకు దారి చూపించి ఒక్క మీట నొక్కితే, వాళ్ళు మంచులో నడుస్తూ పోతారు. పొగ లేస్తుంది, సంగీతం లేస్తుంది. ఆడేవాడు చూస్తూ కూర్చోవాలి. మళ్ళీ ఒక్క మీట. చూసేవాడికి అది యుద్ధం, ఆడేవాడికి బస్టాండు.

"మీ సానుభూతి నాకర్థమైంది పెద్దక్కా" అన్నాడు దొర. "నర్సు వృత్తి గొప్పది. మా మేనత్త కూడా నర్సే."

"సానుభూతి కాదు సార్. నియమం. చేతులు చేసేది స్ట్రాటజీ."

"స్ట్రాటజీ అరకి వచ్చేవాళ్ళు యుద్ధం కోసం వస్తారు. వాళ్ళకి బెడ్‌పాన్ చూపిస్తామా?"

"ఆ అరలో చదరంగం కూడా ఉంది సార్. అక్కడ చచ్చేవి చెక్కముక్కలు. వాటికోసం రావడం లేదా?"

"చదరంగంలో రాజున్నాడమ్మా" అన్నాడు దొర. హాస్యానికి అనలేదు.



"అయినా క్యాజువల్ తక్కువదని ఎవరన్నారు?" అని ఆయన కొనసాగించాడు. "ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చేది అక్కడికే. ఈ ఆట వాళ్ళకి నచ్చుతుంది."

"అక్కడికి వచ్చేది ఆడైనా మగైనా ఊరికే వేళ్ళు ఆడించుకోవడానికి వస్తారు సార్. తప్పు లేదు. ఇందులో మొదటి మనిషి పోగానే ఆట మూసేసి, బాగాలేదని రాసి వెళ్ళిపోతారు. వాళ్ళకీ నష్టం, దీనికీ చావు."

దొర కప్పు అంచును వేలితో తడిమాడు. "సరే, మధ్యేమార్గం చెబుతాను. ఆవిణ్ణి కాస్త బొమ్మలు మార్చమనండి. వార్డు బదులు గుడారాలు. పేషెంట్ల బదులు గాయపడ్డ సైనికులు. ఆ నర్సుని తీసేసి ఒక కెప్టెన్. మిగతాది మిగతాదిగానే ఉండనివ్వండి. కళ్ళుమూసుకుని స్ట్రాటజీలో పెట్టేస్తా."

అంటే ఆటలో చేతులు చేసే పని ఏ అరకు చెందినదో ఆయనకు తెలుసు. తెలియకపోవడం ఒకటి, తెలిసి కాదనడం వేరొకటి. మొదటిదానిమీద జాలిపడవచ్చు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిమీద జాలిపడవలసిన అవసరం ఇక లేదని పెద్దక్కకు ఆ క్షణంలోనే తేలిపోయింది.

"చేతుల పరీక్ష పెట్టండి సార్" అంది.

దొర నవ్వాడు. "అవన్నీ ఇంకా ఉన్నాయా?"

"పలక గోడకే ఉంది."

"పెట్టండి, పెట్టండి. మూడో మనిషిగా నేనే కూర్చుంటా. ఆ ఆట నేను ముట్టుకోలేదు కదా. గురువారం మధ్యాహ్నం." ఆయన నవ్వు ఇంకా ఆగలేదు. "చేతులు చూసి జాతకం చెప్పడం నాకూ వస్తుందో రాదో తెలుస్తుంది."

*

ఆట తయారుచేసిన నర్సు మర్నాడు తనే వచ్చింది. క్యాంటీన్లో ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నారు. నర్సు టీ గ్లాసు ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని వచ్చింది. తాగాక మళ్ళీ కడుక్కుంది. ఉద్యోగం మానేసినా వేళ్ళ సందులు తెల్లగా పొట్టు లేస్తూనే ఉన్నాయి. దొర చెప్పిన మధ్యేమార్గాన్ని పెద్దక్క ఒక్క మాట పెంచకుండా, తగ్గించకుండా ఆమెకు చెప్పింది. దాచిపెట్టే హక్కు తనకు లేదు.

"కెప్టెనా?" అంది నర్సు.

"గడ్డం ఉంటే ఇంకా మంచిదట."

నర్సుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే బల్లమీద పడ్డ టీ చుక్కను వేలితో తుడిచింది. "మా ఆయన మొన్నటిదాకా దీన్ని 'నీ బొమ్మలాట' అనేవాడక్కా. ఒకరోజు ఆడి చూశాడు. చూసి, నాకు అన్నం వడ్డించాడు. అంతే."

"ఆ కిటికీ పక్క ముసలాయన..." అని పెద్దక్క ఆగింది.

నర్సు గ్లాసులోకి చూస్తూ చెప్పింది.

"టైలరు. మంచి నెమ్మదైన మనిషి. ఆ రోజు వార్డులో నేనొక్కదాన్నే. తలుపు దగ్గర ఒకాయన వాళ్ళ బావమరిదికి దిండు ఇవ్వలేదని నానా రభస చేస్తున్నాడు. నేను దిండు కోసం వెళ్ళాను. ఈయన పిలవొచ్చు కదా? పిలవలేదు. అమ్మాయి ఒక్కతే అవస్థ పడుతోంది, మళ్ళీ నేనెందుకు పిలవడం అనుకున్నాడట. పక్క మంచం ఆయన తర్వాత చెప్పాడు." ఆమె తలెత్తింది. "అరిచేవాడికి ఊపిరుందక్కా, అందుకే అరుస్తాడు. అరవనివాడి దగ్గరికి ముందు వెళ్ళాలి. ఎవరి దగ్గరికి వెళ్ళకూడదో తేల్చుకోవడమే మా ఉద్యోగం. అది బయట ఒక్కరికి కూడా తెలీదు. చెబితే వినరు. చేతులతో ఆడితే తెలుస్తుందేమోనని ఇన్నేళ్ళు కూర్చుని చేశాను. గుడారంలో పెడితే ఆయన టైలరు కాడు కదా. సైనికుడైపోతాడు. సైనికుడు పోతే జెండా కప్పుతారు. ఆ టైలరుకి దుప్పటి కప్పింది నేను."

పెద్దక్క ఖాళీ గ్లాసులు రెండూ ఒక పక్కకు చేర్చింది.

"క్యాజువల్లో పెడితే నేనేం చెయ్యలేను" అంది నర్సు లేస్తూ. "కానీ కాలక్షేపానికి పోయాడని మాత్రం మీరెవరూ అనకండక్కా. అంతే."

వెళ్ళేముందు, ఇంట్లో ఎవరైనా ఆడతారేమోనని ఆట కాపీ ఒకటి ఇచ్చింది.

ఇంట్లో ఆడేది అత్తగారే. మోకాళ్ళు పనిచేయడం మానుకున్నాక, ఆవిడ సోఫాలో కాళ్ళు బారజాపుకుని, టాబ్లెట్‌లో ఒకే రంగు పళ్ళను జతచేసే ఆట ఆడుతూ ఉంటుంది. ఎదుటివారితో మాట్లాడుతూనే, టీవీ చూస్తూనే, కునికిపాట్లు పడుతూనే ఆడుతుంది. అసలైన క్యాజువల్ ఆట లక్షణమే అది. ఆ సాయంత్రం పెద్దక్క ఆవిడకు 'పన్నెండు మంచాలు' పెట్టి ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. కూరకు తాలింపు వేసి, కుక్కరు దించి, అత్తగారి మాత్రలు గిన్నెలో పోసి, వీధి తలుపు తీసి నీళ్ళ క్యాన్ లోపల పెట్టించుకుని వచ్చేసరికి హాల్లో అలికిడి లేదు. అత్తగారు కాళ్ళు కిందికి దించి, నిటారుగా కూర్చుని ఉంది. టీవీ ఆపేసి ఉంది.

"అత్తయ్యా, మాత్రలు."

"ఉండవే! చంపేస్తున్నాను ఇక్కడ."

పెద్దక్క భర్త లిఫ్టులు బాగుచేసే పనిలోంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "ఏమిటమ్మా, టీవీ కూడా కట్టేశావు?" అన్నాడు.

"కిటికీ పక్క ముసలాడు ఉలకడు పలకడురా. మీ నాన్న గుర్తొస్తున్నాడు. ఏదీ నోరు తెరిచి చెప్పి చావడు." ఆట ఓడిపోయి అత్తగారు టాబ్లెట్ దూరంగా నెట్టేసింది. మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "ఎవత్తే దీన్ని తయారుచేసింది? దానికి దండం పెట్టాలి. నడుం విరిగిపోయింది."

"దీన్ని మా ఆఫీసులో కాలక్షేపం అంటున్నారు అత్తయ్యా."

"కాలక్షేపమా? కాలుజాపుకుని ఆడేది కాలక్షేపం. దీనికి నా కాళ్ళు వాటంతటవే కిందికి దిగాయి."

"ఏ అరలో ఉంటే ఏముందిలే, గేమ్ గేమే కదా" అన్నాడు భర్త, ఫ్యాన్ కిందికి చేరుతూ.

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. "నిన్ను లిఫ్ట్ మెకానిక్ అనకుండా 'తలుపులు తీసేవాడు' అంటే ఊరుకుంటావట్రా? మొన్న ఒక్క స్క్రూ బిగించి, రిపేరు చేశానని నాలుగిళ్ళకి చెప్పావు. నీ పెళ్ళాం పొద్దుటినుంచీ చేసేదానికి పేరేమిటో చెప్పు చూద్దాం."

ఆయన వంట అయిందా అని అడగబోయి, ఎందుకో ఆగి, కంచాలు తనే తీసుకొచ్చాడు.

*

గురువారం మధ్యాహ్నం వర్గీకరణ గదిలో దీపాలు తగ్గించారు. తెల్లగోడమీద రికార్డింగులు వేయడానికి సామెత ప్రొజెక్టరు సర్దాడు. దొర తన కప్పుతోనే వచ్చి, ముందు కుర్చీలో కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పెద్దక్క గోడ పక్కన నిలబడింది. ఏది ఏ ఆటో చెప్పకూడదు; ఆమె చెప్పలేదు. స్ట్రాటజీ అరలోకి చివరగా చేరిన ఆట ఏదో, దాన్ని ఆడి అక్కడ పెట్టినవారు ఎవరో రికార్డింగులు వెతికిన ఆమెకు తెలుసు. దొరకూ తెలిసి ఉండవలసిందే. నియమాన్ని పరిహాసం చేయడానికి వచ్చినవాడు నియమాన్ని చదువుకుని రాలేదు, అది ఆమె తప్పు కాదు.

మొదటి రికార్డింగు. గోడమీద పెద్దవిగా రెండు బూడిదరంగు చేతులు. ఎడమ చేతివేళ్ళు మీటలమీద ఆనీ ఆననట్టు కదులుతున్నాయి. కుడిచెయ్యి ఒకచోటికి దూసుకుపోయి, నొక్కబోయి, ఆగింది. ఆ ఆగడంలో ఒక లెక్క ఉంది. వెనక్కి వచ్చి ఇంకెక్కడో నొక్కింది. వెంటనే మూడు దెబ్బలు వరసగా. మళ్ళీ నిశ్చలం, చూపుడువేలు మాత్రం గాలిలో లేచి, దిగాలా వద్దా అని తటపటాయిస్తోంది. దిగింది. రెండు చేతులూ ఒక్కసారి పిడికిళ్ళయ్యాయి. ఎవరో పోయారు. పిడికిళ్ళు విడి, మళ్ళీ మొదలయ్యాయి.

దొర తెలియకుండానే కాలు దించి, ముందుకు వంగాడు.

"యుద్ధం" అన్నాడు. "అనుమానమే లేదు. చూడండి, ఎన్ని వైపులనుంచి ఒత్తిడి వస్తోందో. వీడెవడోగానీ మామూలువాడు కాదు. సిసలైన స్ట్రాటజీ ఆటగాడు." ఆయన స్వరంలో మెచ్చుకోలు నిజమైనది. ఆయన కళ్ళు ఆ చేతులను నిజంగానే చూశాయి.

రెండో రికార్డింగు. మళ్ళీ రెండు బూడిదరంగు చేతులు. కుడిచేతి చూపుడువేలు ఒకసారి నొక్కింది. తర్వాత రెండు చేతులూ ఒడిలోకి వెళ్ళిపోయాయి. చాలాసేపటికి తిరిగివచ్చాయి. ఒక్క నొక్కు. ఎడమచెయ్యి మోచెయ్యి గోక్కుంది. బల్లమీద వేళ్ళు ఏదో పాటకు తాళం వేశాయి.

దొర వెనక్కి వాలి నవ్వాడు. "అదిగో, ఇది క్యాజువల్. పక్కా టైంపాస్. వీడు ఆడుతున్నాడా, నిద్రపోతున్నాడా?"

ఎడమచెయ్యి గోడమీది చిత్రంలోంచి బయటికి వెళ్ళింది.

"చూడండి చూడండి, టీ కూడా తాగుతున్నాడు..."

చెయ్యి తిరిగి వచ్చింది. దాంట్లో బంగారు అంచున్న పింగాణీ కప్పు ఉంది.

సామెతకు పొలమారింది. దగ్గు ఆపుకోబోతే ఎక్కువైంది. దొర గోడమీది కప్పును చూశాడు. తర్వాత తన చేతిలోనిదాన్ని చూశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచనివాడిలా కాసేపు అలాగే పట్టుకుని, చివరికి నేలమీద, కుర్చీ కాలి పక్కన పెట్టాడు. గోడమీద ఆయన చెయ్యి ఇంకా తీరికగా టీ తాగుతూనే ఉంది.

"తీర్పు మీరే చెప్పారు సార్" అంది పెద్దక్క. "మీట నొక్కనా?"

"నొక్కండి" అన్నాడు దొర. గొంతు మామూలుగానే ఉంది. "మంచి పరీక్ష."

ఆమె నొక్కింది. 'పన్నెండు మంచాలు' స్ట్రాటజీ అరలోకి వెళ్ళింది. అప్పుడు సంతోషపడి ఉండవలసింది. అంత సులువుగా 'నొక్కండి' అన్న మనిషి గొంతులో ఏదో ఒక ఏర్పాటు వినిపించి, ఆమె సంతోషపడలేదు.

*

శుక్రవారం ఉదయం వర్గీకరణ గది గోడమీద పలక లేదు. స్క్రూలు పీకిన నాలుగు కన్నాలు, వాటి మధ్య దీర్ఘచతురస్రంగా మాయని రంగు. సొరుగు ఖాళీగా ఉంది. కెమెరాల వైర్లు ఊడదీసి చుట్టచుట్టి ఉన్నాయి.

అందరినీ పెద్ద హాల్లోకి పిలిచారు. దొర మైకు పట్టుకున్నాడు. మన సంస్థ స్త్రీలను గౌరవిస్తుంది అన్నాడు. స్త్రీల ప్రతిభకు ప్రత్యేకమైన స్థానం ఉండాలి అన్నాడు. వెనక తెరమీద కొత్త అర ప్రత్యక్షమైంది: 'ఆమె కోసం'. లేతగులాబీ రంగు, చుట్టూ పూలంచు. అందులో ఒకే ఒక ఆట ఉంది. 'పన్నెండు మంచాలు'. నర్సు కట్టుకున్న తెల్లబట్టలకు కూడా ఎవరో గులాబీరంగు వేశారు. స్ట్రాటజీ అర మధ్యలో, తలమానికంగా, మంచుకొండమీద 'ఆఖరి శిబిరం' యథాతథంగా ఉంది.

"ఈ అరకు పెద్దగా మన పెద్దక్కనే నియమిస్తున్నాం" అన్నాడు దొర. చప్పట్లు మోగాయి. "పూర్తి అధికారం ఆవిడదే. ఏ ఆట ఇందులోకి రావాలో ఆవిడ ఇష్టం. మేమెవరం అడ్డు చెప్పం." ఎవరో ఆమె చేతిలో పూలగుత్తి పెట్టారు. కాగితంలో చుట్టిన వాటి కాడలకు ఇంకా తడి ఉంది.

కొట్టి పంపితే దెబ్బ కనిపిస్తుంది, పదిమందికీ చూపించుకోవచ్చు. పూలతో కొట్టినప్పుడు కృతజ్ఞతలు చెప్పమంటారు. పెద్దక్క చెప్పింది. తలవంచి, స్పష్టంగా, అందరికీ వినబడేలా, "చాలా సంతోషం సార్. పూర్తి అధికారం అన్నారు. గుర్తుంచుకుంటాను" అంది.

గదికి తిరిగివచ్చి, పూలగుత్తిని నీళ్ళ క్యాన్ పక్కన పెట్టి, తన కుర్చీలో కూర్చుంది. ఫోను మోగింది. నర్సు.

"అక్కా, చూశాను" అంది. "గులాబీరంగు వేశారు."

"చూశావు కదా. ఆ అరను అలాగే తెరిచి పెట్టుకుని చూస్తూ ఉండు" అంది పెద్దక్క. "మూసెయ్యకు."

సామెత తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు జేబులూ ఉబ్బి ఉన్నాయి. లోపలికి వచ్చి, ఒక జేబులోంచి ఒక జత, రెండో జేబులోంచి ఒక జత బూడిదరంగు తొడుగులు తీసి బల్లమీద పెట్టాడు. "పొద్దున్నే చెత్తబుట్టలో వేస్తుంటే..." అన్నాడు. ఇక ఏదైనా సామెత వస్తుందేమోనని ఆమె చూసింది. రాలేదు. అతను తన కుర్చీలో కూర్చుని, మొదటిసారిగా 'పన్నెండు మంచాలు' మొదటినుంచీ ఆడటం ప్రారంభించాడు.

పెద్దక్క తొడుగులు వేసుకుంది. పైన కెమెరా లేదు, అయినా వేసుకుంది. కొత్త అరను తెరిచింది. అందులో ఉన్న ఒక్క ఆటలో చేతులు చేసే పని ఏమిటో ఆమెకు తెలుసు; దానికి తీర్పు చెప్పినది దొరే. ఒకే పని చేసే ఆటలన్నీ ఒకే అరలో ఉండాలి. నియమం రాసిన పలక పీకినంతమాత్రాన నియమం గోడలోంచి పోలేదు.

ముందుగా చదరంగాన్ని లాగింది. రాజు, ఏనుగులు, గుర్రాలతో సహా అది పూలంచు లోపలికి వచ్చి కూర్చుంది. తర్వాత కోట ముట్టడులు. తర్వాత సామ్రాజ్యాలు, నౌకాదళాలు, నగరాలు కట్టే ఆటలు, నగరాలు కూల్చే ఆటలు. ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి లేతగులాబీ రంగులోకి దిగాయి. గడ్డాలున్న సేనానులందరూ 'ఆమె కోసం' అన్న పేరు కింద వరసగా నిలబడ్డారు. ఆమె తొందరపడలేదు. ఒక్కొక్క ఆటనూ తెరిచి, చేతులతో ఆడి చూసి, అవును ఇదే జాతి అని తేల్చుకునే లాగింది. కోపంతో చేసే పనిలో తప్పు దొర్లితే ఆ కోపానికే చిన్నతనం.

సాయంత్రం అయ్యేసరికి స్ట్రాటజీ అరలో ఒకే ఒక ఆట మిగిలింది. మంచుకొండ, చిరిగిన జెండా. దాన్ని లాగలేదు. ఆ ఆట ఏ జాతిదో చూసి, నవ్వి, చెప్పినవారు ఉన్నారు. అది తన అరలోకి వచ్చేది కాదు.

హాల్లో ఒక ఫోను మోగింది. తర్వాత ఇంకొకటి. చదరంగం ఎక్కడ, మా యుద్ధాలు ఆడవాళ్ళ అరలో ఎందుకున్నాయి, ఈ పూలేమిటి అని జనం అడుగుతున్నారు. దొర గది తలుపు తెరుచుకుంది. అడుగులు ఇటే వస్తున్నాయి. సామెత ఆట ఆపలేదు. అతని భుజాలు కొయ్యబారి ఉన్నాయి, చూపుడువేలు గాలిలో లేచి ఉంది. "పెద్దక్కా," అన్నాడు తల తిప్పకుండా, "ఈ కిటికీ పక్కాయన అసలు పిలవడేమిటి?"

"పిలవడు" అంది పెద్దక్క. "నువ్వే వెళ్ళాలి."

తలుపు తెరిచి నిలబడ్డ దొర నోరు తెరిచి ఏం అడిగాడో, దానికి ఆమె ఏం చెప్పిందో ఇక్కడ అవసరం లేదు. ఆమె అడిగినదానికి జవాబు ముందు రావాలి, అది ఇంకా రాలేదు.

ఇప్పుడు మీ వంతు. చదివిన ఈ కథను మీరు ఎక్కడో ఒకచోట పెట్టకుండా ఉండరు. 'ఆడవాళ్ళ కథ' అనే అర ఒకటి మీ దగ్గర ముందే సిద్ధంగా ఉంటుంది. దానికి పూలంచు కూడా ఉండే ఉంటుంది. చెయ్యి అటు వెళ్ళబోతుంటే ఆపండి. మొదటి వాక్యంలో ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పండి. చెప్పాకే పెట్టండి.